బండి సైలెన్సర్ వేడి: ర్యాప్ చుట్టాలా, పూత వేయించాలా, గార్డ్ చాలా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే రోడ్డు మీద ఉన్న ఊళ్లు. అనంతపురం వైపు నుంచి కృష్ణగిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి ఈ మూడింటినీ కలుపుతుంది. ఈ దారిలో తిరిగే బైకుల్లో కొన్నింటికి ఇంజిన్ ముందున్న పైపు మీద పట్టీ చుట్టి ఉంటుంది. చూడ్డానికి విరిగిన కాలికి కట్టు కట్టినట్టే ఉంటుంది. దాన్నే హీట్ ర్యాప్ అంటారు. 'ఇది చుట్టిస్తే పిల్లల కాళ్లు కాలవు కదా' అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతుంటారు. కాలవని చెప్పలేం. ర్యాప్ కనిపెట్టింది బండి కోసం, మన కాళ్ల కోసం కాదు. ఈ తేడా తెలియక డబ్బు ఒకచోట పెట్టి, ప్రమాదాన్ని ఇంకోచోట వదిలేస్తున్నాం.

పైపు ఎంత వేడెక్కుతుంది?

సిలిండర్‌లో పెట్రోలు మండాక బయటికొచ్చే పొగ వేడి 500 నుంచి 800 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా ఉంటుంది. ఆ పొగను మొదట అందుకునేది ఇంజిన్ ముందు వంపు తిరిగి ఉండే బెండ్ పైపు. బండిని బట్టి, నడిపే తీరును బట్టి దాని పైభాగం 200 నుంచి 400 డిగ్రీలకు చేరుతుంది. వెనక్కి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది కానీ, సైలెన్సర్ దగ్గర కూడా చర్మం కాలేంత ఉంటుంది. 70 డిగ్రీల వేడి ఒక్క సెకను తాకినా చాలు, బొబ్బ లేస్తుంది.

హార్సిలీ హిల్స్ ఘాట్ ఎక్కేటప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. చిన్న గేరులో, ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకుని మెల్లగా ఎక్కుతుంటే ఇంజిన్ మీద బరువు ఎక్కువ, తగిలే గాలి తక్కువ. పైకి చేరి బండి ఆపాక కూడా పైపు చాలాసేపు వేడిగానే ఉంటుంది. పిల్లలు దూకి దిగేది సరిగ్గా అప్పుడే.

ర్యాప్ అంటే ఏమిటి?

గాజు నూలుతో గానీ, అగ్నిపర్వత రాయిని కరిగించి తీసిన నూలుతో గానీ నేసిన పట్టీ ఇది. రెండోదాన్ని బజార్లో టైటానియం ర్యాప్ పేరుతో అమ్ముతారు. పైపు లోపలి వేడిని బయటికి పోనీయకుండా ఆపడమే దీని పని. పొగ వేడిగా ఉంటే త్వరగా బయటికి పోతుంది, చుట్టుపక్కల భాగాలకు వేడి తక్కువ తగులుతుంది. రేసు బండ్లకు దీని అవసరం ఉంది. మనం మార్కెట్‌కీ, స్కూలుకీ తిప్పే 100, 125 సీసీ బండిలో పవర్ తేడా నడిపేవాళ్లకు తెలియదు.

ర్యాప్ చుట్టిన పైపు పైన కూడా చేయి కాలేంత వేడి ఉంటుంది. పైగా కాలు తగిలేది ఎక్కువగా వెనకున్న సైలెన్సర్‌కే. ర్యాప్ చుట్టేదేమో ముందున్న బెండ్ పైపుకు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. వాన నీళ్లు, వాషింగ్ నీళ్లు పట్టీలో నిలిస్తే మామూలు ఇనుప పైపు లోపల్లోపలే తుప్పు పడుతుంది. పట్టీ విప్పేదాకా బయటికి కనిపించదు. ఇంజిన్ ఆయిల్ కారి పట్టీ పీల్చుకుంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఇంకా, 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 బండ్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఉంటాయి. వాటి మీద చుట్టి వేడి పెంచితే అవి దెబ్బతినొచ్చు. వారంటీ ఉన్న బండి అయితే చుట్టించే ముందే షోరూంలో అడగండి.

క్రోమ్ బెండ్ పైపు కొత్తగా నీలం రంగు తిరిగిందా? కప్పేయడానికి ర్యాప్ చుట్టొద్దు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ వెళ్తున్నా, ఎక్కడైనా గాలి లీకైనా, టైమింగ్ తప్పినా పైపు అలా మారుతుంది. ముందు మెకానిక్‌కు చూపించాలి. జ్వరానికి కారణం చూడకుండా దుప్పటి కప్పితే లాభం లేదు కదా!

అయినా చుట్టాలనుకుంటే పైపు తుప్పు గీకి, బాగా ఆరనిచ్చి చుట్టాలి. పట్టీని కింద నుంచి పైకి చుట్టుకుంటూ వస్తే పెంకుల ఇంటి కప్పులాగా వాన నీరు పై నుంచి జారిపోతుంది. చివర్లను స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులతో బిగించాలి. గాజు నూలు చేతికి గుచ్చుకుంటుంది, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. మొదటిసారి నడిపినప్పుడు పొగ వస్తుంది, ఖాళీ స్థలంలోనే స్టార్ట్ చేయాలి. ఆస్బెస్టాస్ తాడు మాత్రం ఎవరు ఇచ్చినా వద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది.

పూత సంగతి

పూతల్లో రెండు రకాలు. డబ్బాలో దొరికే హీట్ పెయింట్ తుప్పును ఆపుతుంది, చూడ్డానికి బాగుంటుంది, వేడిని మాత్రం పెద్దగా ఆపదు. రెండోది సిరామిక్ పూత. పైపు విప్పి, ఇసుకతో గీకి శుభ్రం చేసి, పూత వేసి కాలుస్తారు. ఇది పైపు పైకి వచ్చే వేడిని కొంత తగ్గిస్తుంది, నీళ్లు పీల్చదు. ఖర్చు వేలల్లో ఉంటుంది. ఇది వేయించినా సరే, పైపును ముట్టుకోవడానికి వీలుండదు.

ఇంటి బండికి గార్డే ముందు

లెక్క వేసి చూస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసేది సైలెన్సర్ గార్డ్. పైపుకూ గార్డ్‌కూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంటుంది, కాబట్టి వేడి నేరుగా కాలికి తగలదు. కంపెనీ ఇచ్చిన గార్డ్ విరిగినా, బోల్టు పోయినా చాలామంది అలాగే తిప్పుతుంటారు. ముందు దాన్ని వేయించండి. స్టైల్ కోసం తీసేసి ఉంటే మళ్లీ పెట్టించండి. సైలెన్సరే మార్చి శబ్దం పెంచితే అది వేరే తంటా. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద రూ.10 వేల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో చిక్కకుండా గార్డ్ ఉండాలని చెబుతుంది. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. అది ఉండేది ఎడమ పక్క. మన బండ్లలో ఎక్కువ వాటికి సైలెన్సర్ కుడి పక్క. బుర్ఖాలు చాలావరకు పాలిస్టర్ బట్టతోనే కుడతారు. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీలకు కరుగుతుంది, కరిగితే చర్మానికి అతుక్కుంటుంది. అందుకే ఎక్కేముందు బుర్ఖా, దుపట్టా అంచులు పైకి సర్దుకోవాలి. పిల్లల్ని ఎక్కించినా, దించినా ఎడమ వైపు నుంచే.

నాకు ఆరేడేళ్లప్పుడు అబ్బా బండి మీద నుంచి కుడి వైపు దిగబోయి పిక్క కాల్చుకున్నాను. ఆ మచ్చ ఇంకా ఉంది. జుమా రోజు, తరావీహ్ అయ్యాక మసీదు ముందు బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పిల్లలు వాటి మధ్య నుంచే పరిగెడతారు. అప్పుడే వచ్చిన బండిని సైలెన్సర్ గోడ వైపు ఉండేలా ఆపితే చాలు, సగం భయం పోతుంది.

కాలితే ఏం చేయాలి?

వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. ఐసు పెట్టొద్దు. టూత్‌పేస్టు, పసుపు, కాఫీ పొడి, ఇంకు ఏదీ పూయొద్దు. పట్టీలు, గజ్జెలు ఉంటే వాపు రాకముందే తీయాలి. అతుక్కున్న బట్టను లాగొద్దు, బొబ్బను పగలగొట్టొద్దు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పాలి. చిన్న పిల్లలైనా, షుగర్ ఉన్నవాళ్లైనా, గాయం వాళ్ల అరచేయంత ఉన్నా, తెల్లగా లేదా నల్లగా మారినా డాక్టరుకు చూపించాల్సిందే. టీటీ ఇంజెక్షన్ సంగతీ అక్కడే అడగండి.

ఇంటి బండికి వరస ఇలా పెట్టుకోవచ్చు: ముందు గార్డ్, తర్వాత ఇంజిన్ సర్వీసు, డబ్బుంటే పూత. ర్యాప్ చివర్లో, అదీ అవసరమైతేనే. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆయిల్‌తో పాటు సైలెన్సర్ గార్డ్ బోల్టులు కూడా చూడమని మెకానిక్‌కు ఒక మాట చెప్పండి.