తెర మీది బందిపోటు

1934 జూలై 22వ తేదీ రాత్రి షికాగో నగరములో బయోగ్రాఫ్ అను సినిమాశాల నుండి జనము బయటికి వచ్చుచుండిరి. ఆ రోజు ఆట క్లార్క్ గేబుల్ నటించిన 'మన్‌హట్టన్ మెలోడ్రామా'. అదియు ఒక నేరస్థుని కథయే. ప్రేక్షకులలో ఇద్దరు స్త్రీల నడుమ ఒక యువకుడు నడచి వచ్చినాడు. అందులో ఒకామె నారింజరంగు లంగా కట్టుకొన్నది. దీపముల వెలుగులో అది ఎర్రగా కనబడినందున లోకము ఆమెను 'ఎర్రదుస్తుల స్త్రీ' అని నేటికిని పిలుచుచున్నది. ఆమె ముందుగానే కబురు పంపియుండెను. వీధిలో కాచుకొనియున్న కేంద్రప్రభుత్వ పోలీసులు కాల్చినారు. పడిపోయినవాడు జాన్ డిల్లింజరు. వయస్సు 31 సంవత్సరములు.

చచ్చినచోటే సినిమాశాల ముంగిలి కాబట్టి, ఆ మనుష్యుడు సినిమాలోనికి పోవుటకు ఎక్కువ కాలము పట్టదని ఎవరైనను అనుకొందురు. కాని పదకొండేండ్లు పట్టినది. కారణము లేకపోలేదు. అతడు బ్రతికియుండగానే, 1934 మార్చిలో, అమెరికా చిత్రనిర్మాతల సంఘమునకు అధ్యక్షుడైన విల్ హేస్, డిల్లింజరు జీవితముపై ఏ సంస్థయు చిత్రము తీయరాదని ఉత్తరువు చేసినాడు. అంతకు కొద్ది దినముల క్రిందటనే డిల్లింజరు క్రౌన్ పాయింట్ చెరసాల నుండి తప్పించుకొనియుండెను. కొయ్యతో చెక్కిన తుపాకి చూపించి కావలివారిని బెదిరించినాడని ఆనాటి నుండి చెప్పుకొనుచున్నారు. వార్తాచిత్రములలో అతని బొమ్మ పడినప్పుడు హాలులో చప్పట్లు మ్రోగుచుండెనట. ప్రభుత్వమునకు కంటగింపైనది దొంగతనముకన్న ఆ చప్పట్లే కావచ్చునని మాకు తోచుచున్నది.

చప్పట్లు ఎందుకు మ్రోగినవి? 1930 మొదలు 1933 వరకు అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు దివాలా తీసినవి. కూలివాడు, రైతు, చిల్లర వర్తకుడు దాచుకొన్న డబ్బు దానితోపాటే పోయినది. 1933 నాటికి పనిచేయగలవారిలో నలుగురికి ఒకరు నిరుద్యోగి. అట్టి కాలములో బ్యాంకును దోచువాడొకడు బయలుదేరినాడనగా, తమ్ము దోచినవానిని వీడు దోచుచున్నాడని కొందరు సంతోషించినారు. అది న్యాయమైన సంతోషము కాదు. 1934 జనవరిలో ఈస్ట్ షికాగో బ్యాంకు వద్ద ఒక పోలీసు ఉద్యోగిని చంపిన నేరము డిల్లింజరుపై ఉన్నది. ఆ ఉద్యోగికిని ఇల్లుండును, కుటుంబముండును. అయినను ఆ చప్పట్లు చరిత్రలోని విషయమే.

1945లో నిషేధపు బిగువు సడలినప్పుడు ఈ కథను ఎత్తుకొన్నది పెద్ద సంస్థ కాదు. మోనోగ్రామ్ అను చిన్న సంస్థ. హాలీవుడ్డులో ఇట్టి సంస్థలను 'పేదల వీధి' వారని ఎగతాళి చేసెడివారు. నిర్మాతలైన కింగ్ సోదరులు అంతకుముందు నాణెము వేసి ఆడు జూదపు యంత్రముల వ్యాపారము చేసినవారు. దర్శకుడు మాక్స్ నోసెక్ హిట్లరు వచ్చిన పిదప జర్మనీ విడిచి వచ్చినవాడు. నాయకపాత్రధారి లారెన్స్ టియర్నీ పేరు అప్పటికి ఎవ్వరికిని తెలియదు. చిత్రము ముప్పావు నిమిషము తక్కువగా కాదు, ఏకముగా ముప్పావుగంట తక్కువగా, అనగా మామూలు పెద్ద చిత్రము రెండుగంటలుండగా ఇది గంటకు పైన పది నిమిషములే. ఒక దోపిడి దృశ్యమునకు డబ్బు చాలక, ఫ్రిట్జ్ లాంగ్ 1937లో తీసిన 'యూ ఓన్లీ లివ్ వన్స్' చిత్రములోని తునకలను తెచ్చి అతికించినారు. వానలో, పొగబాంబుల నడుమ జరుగు ఆ దోపిడి మరియొకరి చిత్రములోనిదని తెలిసి చూచినవారికి నవ్వు వచ్చును. తెలియనివారికి భయమే కలుగును.

బీదతనము కొన్నిచోట్ల ఆ చిత్రమునకు మేలే చేసినది. అలంకారములు లేవు, పెద్ద పెద్ద భవనములు లేవు, గోడలపై నీడలు తప్ప. టియర్నీ ముఖములో కరుణ అన్నది ఎక్కడను కనబడదు. ఫిలిప్ యోర్డాన్ వ్రాసిన చిత్రకథ ఆస్కారు బహుమతికి పరిశీలింపబడినది. పేదల వీధికి అది చిన్న గౌరవము కాదు.

ఆ చిత్రము ఆరంభమే ఒక సినిమాశాలలో. డిల్లింజరుపై వార్తాచిత్రము ముగియగానే అతని ముసలి తండ్రి వేదికపైకి వచ్చి, తన కొడుకు చిన్ననాటి ముచ్చట ప్రేక్షకులకు చెప్పుటకు మొదలుపెట్టును. పిదప కథ. ఒక యువకుడు మద్యపు అంగడిలో ఒక స్త్రీ ముందు గొప్పకు పోయి, చేతిలో డబ్బులేక, ప్రక్కనున్న కిరాణా దుకాణమును దోచును. దొరికినది ఏడు డాలర్ల ఇరువది సెంట్లు. చివర అతడు చచ్చిపడినప్పుడు జేబులో దొరికినదియు ఏడు డాలర్ల ఇరువది సెంట్లే. ఈ లెక్క కల్పితము. కాని దాని వెనుక నిజము లేకపోలేదు. అసలు డిల్లింజరు 1924లో ఒక కిరాణా వ్యాపారిపై పడి, నేరమొప్పుకొని, దాదాపు తొమ్మిదేండ్లు చెరసాలలో గడపినాడు. 1933 మే నెలలో విడుదలయ్యెను. లోపలికి పోయినప్పుడున్న దేశము వేరు, బయటికి వచ్చినప్పుడున్న దేశము వేరు.

ఆ రెండవ దేశము చిత్రములో లేదు. మూతపడిన బ్యాంకుల ముందు గుమిగూడిన జనము లేదు. వేలమునకు వచ్చిన పొలము లేదు. రొట్టెకొరకు నిలిచిన వరుస లేదు. ఈ మనుష్యుడు చెడ్డవాడు, చెడ్డవాడు కాబట్టి దోచినాడు, దోచినాడు కాబట్టి చచ్చినాడు. ఇంతే కథ. హేస్ గారి కార్యాలయమునకు ఇది నచ్చక ఏమి చేయును? కాలమును తీసివేసినచో బందిపోటు ఒక్కడే మిగులును. చప్పట్లు కొట్టినవారు కనబడరు.

అదే కాలములో మన ప్రాంతము ఎట్లుండెనో చూచినచో ఈ లోటు ఎంత పెద్దదో తెలియును. ధర్పల్లిలోగాని బోధనులోగాని ఆనాడు దివాలా తీయుటకు బ్యాంకులు తక్కువ. దివాలా తీసినవాడు రైతే. 1929 తరువాత ప్రపంచమంతట ధాన్యము ధర పడిపోయినది. శిస్తు మాత్రము నగదులో కట్టవలెను, అది తగ్గలేదు. నిన్న ఒక బస్తా అమ్మి కట్టిన శిస్తుకు నేడు రెండు బస్తాలు అమ్మవలసి వచ్చినది. మిగిలినది సాహుకారు వడ్డీకి పోయినది. వడ్డీ తీరనప్పుడు పట్టా చేతులు మారినది. ఈ కాలములోనే, 1931లో, మంజీరపై నిజాంసాగరు కట్ట పూర్తియైనది. కాలువ నీరు వచ్చినచోట చెరకు వచ్చినది. 1937లో బోధనున నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపింపబడినది. ఆ కార్ఖానా చుట్టు శక్కర్‌నగర్ వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడువరకు ఆ చిమ్నీ పొగయే మన జిల్లాకు గుర్తు. నీరున్న రైతు నిలబడినాడు. నీరు చేరని మెట్ట రైతు, ధర్పల్లి వైపు అడవి అంచున నున్నవాడు, సాహుకారు ముందే కూర్చుండినాడు.

గోదావరి దాటి ఉత్తరమునకు పోయినచో సంగతి ఇంకను కఠినము. అక్కడ ఆసిఫాబాదు అడవులలో గోండులున్నారు. 1917 నాటి అడవి చట్టము ననుసరించి అధికారులు వారి గ్రామముల చుట్టు హద్దులు గీచినారు. హద్దు లోపలిది రిజర్వు. తాత సాగుచేసిన పోడు మనుమనికి నేరమైనది. 1929 నాటికి కాజీపేట నుండి బల్హార్షాకు రైలుమార్గము పూర్తియైనది. రైలుతోపాటు మైదానపు రైతులు, వర్తకులు, గుత్తదారులు వచ్చినారు. కాగితము చదువగలవాని పేర భూమి వ్రాయబడినది. చదువలేనివాడు తన చేనిలోనే చొరబాటుదారైనాడు. పశువుల మేతకు పన్ను, వంటచెరకునకు పన్ను, అడవి జవానునకు మామూలు వేరు.

ఈ అడవిలో పుట్టినవాడు కొమురం భీము. సంకేపల్లి ఆయన స్వగ్రామము. గోండులు చెప్పుకొను కథ ప్రకారము, వారి కుటుంబము సాగుచేసిన పంటకు సిద్దిఖీ అనువాడు హక్కుదారుగా వచ్చినాడు. జగడములో వాడు చచ్చినాడు. భీము చాందా వైపు పారిపోయి, అక్కడి నుండి అస్సాము తేయాకు తోటలకు పోయి కూలి చేసి, చదువను వ్రాయను నేర్చుకొని తిరిగి వచ్చినాడు. బాబెఝరి, జోడెన్‌ఘాట్ ప్రాంతములో పన్నెండు గూడెముల ప్రజలను కూడగట్టి, ఈ భూమి మాది, ఈ అడవి మాది అన్నాడు. మొదట పట్టినది తుపాకి కాదు, అర్జీ. హైదరాబాదు వరకు పోయి నిజామునకు మొర పెట్టుకొనజూచినాడని చెప్పుదురు. మొర వినబడలేదు. 1940లో జోడెన్‌ఘాట్ గుట్టలలో పోలీసులు చుట్టుముట్టి కాల్చినారు. భీమును, ఆయన సహచరులు కొందరును నేలకూలినారు. దారి చూపినవాడు కుర్దు పటేలు అని గోండుల కథలలో నేటికిని వినబడును. షికాగోకు ఎర్రదుస్తుల స్త్రీ ఎట్లో, జోడెన్‌ఘాట్‌నకు ఈ పటేలు అట్లు.

ఇచ్చట మేము ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. డిల్లింజరును, భీమును ఒక తక్కెడలో పెట్టుట మా ఉద్దేశము కాదు. ఒకడు పరుల సొమ్మునకు పోయినాడు. మరొకరు తమ భూమికి నిలిచినారు. పోలిక ఒక్కచోటనే. ఇద్దరిని ప్రభుత్వము చట్టము వెలుపలివారని వ్రాసుకొన్నది. ఇద్దరిని ఒకే దశాబ్దపు కరవు చుట్టుకొన్నది. ఇద్దరి కథను తరువాత డబ్బులేనివారే తెరకెక్కించినారు.

అయితే ప్రభుత్వము చేసిన మరియొక పని గమనింపదగినది. కాల్పుల తరువాత, ఇది ఎందుకు జరిగినదో విచారించి చెప్పుమని క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుని నియోగించినది. యుద్ధకాలమున శత్రుదేశపు పౌరుడైనందున ఆయన హైదరాబాదు రాజ్యము దాటి పోరాదని కట్టడి ఉండెను. ఆయన గోండుల నడుమ మార్లవాయిలో నివసించి, వారి భాష నేర్చి, తప్పు గోండులది కాదు, భూమిని, అడవిని వారి చేతినుండి లాగుకొన్న పద్ధతిది అని వ్రాసినాడు. 1943లో మార్లవాయిలో గోండీ ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. వేలమందికి పట్టాలు ఇచ్చినారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి నేటికిని ఆ గ్రామములో ఉన్నది. చనిపోయినవాడు అడిగినదానిలో కొంత, ఆయన చనిపోయిన పిదప, ఆయనను చంపించిన ప్రభుత్వమే ఇచ్చినది.

ఈ కథను చిత్రముగా తీసినవారు అల్లాణి శ్రీధర్. 1990లో 'కొమరం భీం' పూర్తియైనది. పేరుమోసిన తారలు లేరు, ధనబలము లేదు. భీము పాత్ర ధరించినవారు భూపాల్ రెడ్డి. అంతకు రెండేండ్ల ముందు, బి. నర్సింగరావు తీసిన 'దాసి'లో ఆయనయే దొర. దొరగా నిలిచిన ముఖమును గోండు వీరునిగా చూపుటకు దర్శకునకు సాహసమే కావలెను. ఈ చిత్రమునకు రాష్ట్రప్రభుత్వపు నంది బహుమతులు రెండు వచ్చినవి. ఒకటి జాతీయ సమైక్యతా చిత్రముగా, రెండవది దర్శకుని తొలి చిత్రముగా.

మోనోగ్రామ్ వారికిని, వీరికిని డబ్బు తక్కువే. కాని డబ్బు లేనప్పుడు ఏది వదలివేయుదురు అన్నదానిలో తేడా ఉన్నది. వారు కాలమును వదలి మనుష్యుని ఉంచుకొన్నారు. ఇక్కడ మనుష్యుని వెనుకనున్న కాలమే కథ. పన్ను, హద్దు, పట్టా, అర్జీ లేకుండ భీము కథ లేనేలేదు. అవి చూపుటకు పెద్ద వెల పట్టదు. అవి లేకుండ తీయుటకే ఎక్కువ వెల పట్టునేమో. 2022లో వచ్చిన రాజమౌళి 'ఆర్ ఆర్ ఆర్'లో భీము పేరుగల వీరుడున్నాడు. అది కల్పితకథ అని తీసినవారే చెప్పినారు. అందులోని 'నాటు నాటు' పాట 2023లో ఆస్కారు తెచ్చినది. మేమును ఆ పాటకు సంతోషించినవారమే. కాని ఆ మూడుగంటల చిత్రములో జోడెన్‌ఘాట్ గుట్ట లేదు, మైదానపు సాహుకారు లేడు, నిజాము అడవి జవాను లేడు. భీము పోరు నిజాము ప్రభుత్వముతో. తెరమీద శత్రువు తెల్లదొర. దూరపు శత్రువును చూపుట ఎప్పుడును సుళువు.

డిల్లింజరు చచ్చిన పదకొండేండ్లకు అతని చిత్రము వచ్చినది, వచ్చిన వెంటనే జనము చూచినారు. భీముపై చిత్రమునకు ఏబది ఏండ్లు పట్టినది. బహుమతులు పొందిన ఆ చిత్రము సినిమాశాలలలో విడుదలయినది 2010 జూలైలో. అనగా పూర్తియైన ఇరువది ఏండ్లకు. ఆ నడుమ కాలములో ప్రతి ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు జోడెన్‌ఘాట్‌నకు నడచి పోవుచు, తమ కథను తామే చెప్పుకొనుచుండిరి. తెర కొరకు వారు కాచుకొనలేదు.