ముసుగు, కిరీటం, భూమి: హర్యానాలో అందం కొలతలపై ఒక పరిశీలన

సారాంశం: అందం చూసే కళ్లను బట్టి ఉంటుందంటారు. ఆ కళ్లకు కొలతలు నేర్పేది ఆస్తి, వంశం, శ్రమ అని గురుగ్రామ్, దాని చుట్టుపక్కల హర్యానా సమాజం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలిక కోసం మెక్సికో చరిత్రను తీసుకుంటుంది.

1. ఒకే ఏడాది, రెండు చిత్రాలు

2017 జూన్‌లో హర్యానా ప్రభుత్వ పత్రిక 'కృషి సంవాద్' ఒక మహిళ ఫొటో వేసింది. నెత్తిన పశుగ్రాసం మోపు, ముఖం నిండా ఘూంఘట్. ఆ ముసుగు రాష్ట్రానికి గర్వకారణమనీ, గుర్తింపనీ కింద వ్యాఖ్య. దానిపై దుమారం రేగింది. రోహ్‌తక్‌లో పుట్టిన వైద్య విద్యార్థిని మానుషి ఛిల్లర్ అదే ఏడాది నవంబరు 18న చైనాలోని సాన్యాలో ప్రపంచ సుందరి కిరీటం గెలిచారు. రాష్ట్రం ఆమెనూ తన గౌరవంగానే చాటుకుంది.

2. ముసుగు వెనక పొలం

ఘూంఘట్ ఆచారం ప్రకారం కోడలు మామగారి ముందు, బావగారి ముందు, అత్తవారి ఊరి పెద్దల ముందు కొంగు దించాలి. పుట్టింటి ఊళ్లో ఆ అవసరం లేదు. అంటే దాచవలసింది స్త్రీ ముఖాన్ని కాదు, కోడలి ముఖాన్ని. చరిత్రకారిణి ప్రేమ్ చౌధురి 1994లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆచారం మూలాలను వెతికారు. పొలం పనుల్లో పెద్ద భారం ఆడవాళ్లూ మోసేవారు; భూమి మాత్రం మగవాళ్ల చేతిలో ఉండేది. వితంతువును మరిదికి కట్టబెట్టే 'కరేవా' ఆచారం ఆమె వాటా పొలం ఇల్లు దాటకుండా చూసేది. వలస పాలకులు ఆ ఆచారానికి అండగా నిలిచారు.

3. మెక్సికో పోలిక

వంశం అందానికి కొలతగా మారడం మెక్సికోలోనూ కనిపిస్తుంది. 18వ శతాబ్దపు మెక్సికోలో జాతుల కలయికలను వర్గీకరించే 'కాస్తా' చిత్రాలు తల్లి, తండ్రి, బిడ్డలను వరసగా చూపి, ఏ కలయికకు ఏ పేరో రాసి పెట్టేవి. ఆ మెట్లలో స్పానిష్ రక్తానిదే పైమెట్టు. ఆ చూపు నేటికీ పోలేదు. 'రోమా' చిత్రానికి 2019లో ఆస్కార్ నామినేషన్ పొందిన ఆదివాసీ నటి యాలిట్సా అపారిసియో స్వదేశంలోనే జాతి దూషణలు ఎదుర్కొన్నారు.

4. గురుగ్రామ్‌లో నేడు

రియల్ ఎస్టేట్ సంస్థ డీఎల్‌ఎఫ్ కాలనీల నడుమ నాథూపూర్, సికందర్‌పూర్ వంటి ఊళ్లు మిగిలాయి. పొలాలు పోయి అద్దె గదులు లేచాయి. ఆఫీసుల్లో అందం కొలత వేరు: తెల్లని ఛాయ, నిగనిగలాడే జుట్టు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమ్ 2020లో పేరు మార్చుకుంది. పెళ్లిచూపుల్లో రంగు ప్రస్తావన మాత్రం ఆగలేదు.

ఆస్తి విషయానికొస్తే, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. అయినా అన్నదమ్ముల పేరిట హక్కు వదులుకోమనే ఒత్తిడి బలంగానే ఉంది. కూతురు తెచ్చిన కిరీటానికి చప్పట్లు కొట్టే సమాజం ఆమెకు పొలంలో గట్టు వేసి ఇవ్వడానికి వెనకాడుతోంది. కాబట్టి అందాన్ని పరిశోధించేవారు ప్రకటనలతో పాటు భూహక్కుల రికార్డైన జమాబందీ పుస్తకాన్నీ చదవాలి. అందులో ఆడవాళ్ల పేర్లు పెరిగే కొద్దీ, ఎలా కనిపించాలో నిర్ణయించుకునే అధికారం వారికి దక్కుతుంది.