బరంపురం పట్టు, దేశిబెహరా వీధి

ఒడిశాలోని గంజాం జిల్లాకు పెద్ద నగరమైన బరంపురంలో, పాత ఊరి నడుమ ఉన్న దేశిబెహరా వీధికి పురపాలక సంఘం లెక్కల్లో ఒక వీధి హోదా మాత్రమే ఉన్నా, చరిత్ర దృష్టితో చూస్తే అది తన చుట్టూ నగరం పెరగకముందే తన పెద్దరికాన్నీ, తన వృత్తినీ, తన అమ్మవారినీ కుదుర్చుకున్న ఒక నేతగ్రామం. ఒడిశాలో కులపెద్దను బెహరా అంటారు. ఒక ప్రాంతంలోని కులస్థులందరికీ పెద్దగా నిలిచేవాడు దేశిబెహరా. బరంపురంలో ఆ పదవి పట్టునేత వృత్తిగా గల దేరా సమాజపు పెద్దది, ఆ వీధికి పేరు వచ్చింది ఆయన ఇల్లు అక్కడ ఉండటం వల్లనే. ఒడియావారు దేరాలని పిలిచే ఈ నేతవారు తెలుగు దేశంలోని దేవాంగుల శాఖగా తమను చెప్పుకుంటారు, తమ పూర్వులు గోదావరి తీరంలోని రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని వారి ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఈ వలసను అర్థం చేసుకోవాలంటే నేటి రాష్ట్రాల సరిహద్దులను కాసేపు పక్కన పెట్టాలి. పదిహేనో శతాబ్దంలో కపిలేంద్రదేవుడి కాలం నాటికి గజపతుల అధికారం రాజమహేంద్రవరాన్ని దాటి దక్షిణానికి విస్తరించింది. 1571-72 ప్రాంతంలో రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి చిక్కాక, వారి అధికారం తీరం వెంట ఉత్తరానికి పాకి శ్రీకాకుళం కేంద్రంగా ఒక సర్కారు ఏర్పడింది. శ్రీకాకుళంలో ఫౌజుదారు, అంటే సైనికాధికారం గల పాలకుడు అయిన షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఆ పాలనకు ఇప్పటికీ నిలిచివున్న గుర్తు. ఆ సర్కారు ఎల్ల, పేరుకైనా, చిలకసరస్సు దాకా ఉండేది. అందుచేత పదిహేడో శతాబ్దంలో గోదావరి ఒడ్డున మగ్గం విప్పి ఋషికుల్యకు ఇవతల తిరిగి మగ్గం గుంట తవ్వుకున్న నేతగాడు పరదేశానికి వెళ్ళినవాడు కాడు. ఒకే పాలన కింద, ఒకే బాట మీద కొన్ని మజిలీలు దాటినవాడు మాత్రమే.

స్థానిక సంప్రదాయం ప్రకారం వారిని పిలిపించినది మహురీ రాజు. బరంపురం ప్రాంతాన్ని ఏలిన చిన్న సంస్థానం మహురీ. తీరానికి సమీపంలోని కొండల అండన దాని పాత కోట ఉండేది. రాజుగారి కోరిక మీద కుబేర సేనాపతి అనే పెద్ద తన వారిని వెంటబెట్టుకుని వచ్చాడనీ, పదిహేడో శతాబ్దపు ద్వితీయార్ధంలో వారు ఇక్కడ స్థిరపడ్డారనీ, దేశిబెహరా పదవి ఆయన వంశంలోనే నడుస్తున్నదనీ ఆ కథనం సారం. రాజుకు నేతగాళ్ళతో ఉన్న అవసరం ఊహించలేనిది కాదు. జగన్నాథుడి సేవా సంప్రదాయంలో పట్టు కట్టుబడికి ఉన్న స్థానం వల్ల చిన్న సంస్థానాల్లో సైతం పూజకూ, పెళ్ళికీ, దర్బారుకూ పట్టు కావలసి వచ్చేది; దానిని దూరం నుంచి కొనడం కన్నా నేసేవారినే తెచ్చి కూర్చోబెట్టుకోవడం రాజుకు గౌరవం, ఖజానాకు లాభం. నేతగాడికీ అంతే అవసరం ఉంది: చేతిలో విద్య ఉన్నా, కొనే గడపా, కాచే ధణీ లేనిదే పట్టు మగ్గం సాగదు.

పట్టునేతవారు గుంపుగా వలసపోయి కొత్త ఊళ్ళో ముందు గుడితో పాతుకోవడం మన దేశచరిత్రలో చాలా పాత వరస. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో దొరికిన సంస్కృత శాసనం, లాట దేశం నుంచి, అంటే నేటి దక్షిణ గుజరాత్ నుంచి, దశపురానికి వచ్చిన పట్టునేతవారి శ్రేణి ఒకటి అక్కడ సూర్యాలయం కట్టించిందనీ, క్రీ.శ. 473 ప్రాంతంలో దానిని బాగుచేయించిందనీ చెబుతుంది. శ్రేణి అంటే ఒక వృత్తివారంతా కలిసి నడుపుకునే సంఘం. ఆ వచ్చినవారిలో కొందరు నేత మానేసి విలువిద్యలోకీ, జ్యోతిషంలోకీ వెళ్ళారని కూడా ఆ శాసనకర్త వత్సభట్టి దాచకుండా రాశాడు. మదురలో నాయకరాజుల నీడన నిలదొక్కుకున్న సౌరాష్ట్ర పట్టునేతవారి చరిత్ర కూడా ఈ కోవలోదే. బరంపురం దేరాలకు మందసౌర్ వంటి శిలాశాసనం లేదు. వారికి ఉన్నది ఒక జాతర. జాగ్రత్తగా చదివితే అది శాసనానికి తీసిపోని పత్రం.

బరంపురం గ్రామదేవతను బుఢీ ఠాకురాణి అంటారు. తెలుగు ఊళ్ళలో పెద్దమ్మ అని పిలుచుకునే అమ్మవారి వంటిది. ఆమె గుడి పెద్దబజారులో ఉంది. రెండేళ్ళకొకసారి చైత్ర వైశాఖాల మధ్య ఇంచుమించు నెలరోజులపాటు సాగే జాతరలో అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధిలో వేసిన తాత్కాలిక మండపానికి వస్తుంది. ఎందుకు వస్తుందన్నదే ఈ జాతరలో అసలు సంగతి: ఆమె దేశిబెహరాకు కూతురు, ఆ వీధి ఆమెకు పుట్టిల్లు, జాతర నెల ఆమె పుట్టింటికి వచ్చి ఉండే నెల. శుభఖుంటి అనే రాట పాతే తంతుతో పని మొదలవుతుంది; తెలుగు పెళ్ళిళ్ళలో పందిరి రాట పాతినట్లే ఇక్కడా రాట పడిన తరువాతే పందిళ్ళు లేస్తాయి. తరువాత రాత్రివేళల్లో ఘటాలు వీధుల వెంట తిరుగుతాయి. అమ్మవారిని ఆవహింపజేసి, పూలతో అలంకరించి తలకెత్తుకునే కుండ ఘటం. ప్రధాన ఘటాన్ని ఎత్తుకునే హక్కు పూజారికీ లేదు, రాజవంశానికీ లేదు. అది దేశిబెహరా భార్యది. తక్కిన ఘటాలను ఇతర స్త్రీలు ఎత్తుకుని ఆమె వెనుక నడుస్తారు. ఘటం వచ్చేవేళకు ఇంటింటి ఆడవాళ్ళు వాకిట పసుపునీళ్ళతో ఎదురు నిలుస్తారు. కూతురిని చేయి పట్టుకుని ఊరంతా తిప్పి చూపించే పని కన్నతల్లిదే కాబట్టి ఈ ఏర్పాటులో తర్కం సంపూర్ణంగా ఉంది.

మొక్కుకున్నవారు వేషాలు కట్టడం ఈ జాతరలో రెండో ముఖ్యాంశం. దేవతల వేషాలు, జంతువుల వేషాలు, హాస్యపు వేషాలు అన్నీ ఉన్నా గంజాంవారికి ప్రాణమైనది పులివేషం. ఒంటికి పసుపురంగు పూసి నల్లచారలు దిద్దించుకున్న ఆటగాడు డప్పుల దెబ్బకు పంజా విసురుతూ వీధిలోకి దిగుతాడు. వీధుల మొగల్లో పురాణ ఘట్టాలను బొమ్మలుగా కూర్చిన కొలువులను నిలుపుతారు, వాటికి రథాలని పేరు. ఎండలు ముదిరి, మసూచి వంటి వ్యాధులు పూర్వం విజృంభించే కాలంలోనే అమ్మవారి చలువ కోసం ఇంత శ్రద్ధ కనబడటం తక్కిన దక్షిణాది గ్రామదేవతల జాతరల తీరులోనే ఉంది.

తెలుగు పాఠకుడికి ఇందులో కొత్తగా తోచేది తక్కువ. తిరుపతి గంగమ్మకు పొరుగున ఉన్న అవిలాల నుంచి పుట్టింటి సారె వస్తుంది. అక్కడి జాతరలోనూ బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం రోజుకొకటిగా నడుస్తాయి. విజయనగరం పైడితల్లి, 1757 బొబ్బిలి యుద్ధంలో మరణించిన పూసపాటి విజయరామరాజుకు చెల్లెలు. గ్రామదేవతకు ఒక ఇంటితో చుట్టరికం కలపడం ఇలా తీరాంధ్రలోనూ, రాయలసీమలోనూ పాతుకున్న పద్ధతే. అయితే విజయనగరంలో ఆ ఇల్లు రాజుది, బరంపురంలో నేతగాడిది. రాజు పిలిస్తే వచ్చి, రాజు ఇచ్చిన నేలమీద గుడిసె వేసుకున్నవారు ఊరి దేవతకు తల్లిదండ్రుల స్థానంలో కూర్చోవడం, ఊరు వారిని ఆ స్థానంలో ఒప్పుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే విశేషమైన విషయం. ఒడియా బ్రాహ్మణుడూ, కరణమూ, తెలుగు కోమటీ, ఊళ్ళోని ఇతర వృత్తులవారూ నెలరోజులు నేతవీధికి వచ్చి మొక్కుకోవలసిందే. వలస వచ్చినవాడు అతిథిగా మొదలై బంధువుగా మారే ప్రక్రియను చరిత్రకారులు సాధారణంగా పన్నుల లెక్కల్లోనూ, భూమి పట్టాల్లోనూ వెతుకుతారు. ఇక్కడ అది ఒక స్త్రీ తలమీది కుండలో కనిపిస్తుంది.

ఈ వీధికి పేరు తెచ్చిన గుడ్డను బరంపురం పట్టు అంటారు. ఇందులో స్త్రీలకు చీర, పురుషులకు జోడా, అంటే పంచె ఉత్తరీయాల జత, ప్రధానం. నూలును ముందుగా ముడివేసి అద్దే పద్ధతి లేని ఈ నేతకు గుర్తింపు దాని అంచు. అంచుకూ ఒంటికీ మధ్య దేవాలయ శిఖరాల వరుసవంటి కూచి పళ్ళు తేలుతాయి, వీటిని ఫోడా కుంభ అంటారు. గుంట మగ్గంలో కాళ్ళు దింపి కూర్చున్న నేతగాడు రెండు అంచులకు రెండు నాడెలు, ఒంటికి ఒక నాడె, మొత్తం మూడు నాడెలు ఆడిస్తాడు. అంచు రంగు పేకా, ఒంటి రంగు పేకా ఒకదానిలో ఒకటి మెలివేసుకుని వెనక్కి మళ్ళుతాయి. మెలిక పడే చోటును పేక పేకకూ కొన్ని పోగులు లోపలికి జరుపుతూ పోతే పళ్ళు సన్నగిల్లి శిఖరం తేలుతుంది, తిరిగి మొదటి చోటికి వస్తే తరువాతి శిఖరం మొదలవుతుంది. లెక్క ఒక్క పోగు తప్పినా ఆ శిఖరం పక్కకు వాలుతుంది, దానిని దిద్దాలంటే విప్పడం తప్ప దారి లేదు. గద్వాలలో కుట్టు అంచు నేసేవారికి ఈ కష్టం చెప్పకుండానే తెలుస్తుంది. గట్టి రంగుల ఒంటితో, శిఖరాల అంచుతో నిలిచే ఈ గుడ్డ పూజల్లో మడిబట్టగా స్థిరపడింది, పూరీ జగన్నాథుడి సేవకూ వెళ్ళింది.

ఆంగ్లేయుల కాలాన్ని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే వారికి ఈ వీధి పెద్దగా కనబడలేదు. 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఋషికుల్య ముఖద్వారం దగ్గర గంజాంలో కోటకూ కోఠీకీ పునాది వేశాడు. 1815 విషజ్వరాల్లో ఆ పట్టణం దెబ్బతిని జిల్లా అధికార కేంద్రం బరంపురానికి మారింది. దానితో నేతగ్రామం పక్కన దండు, కచేరీ, వకీళ్ళ ఇళ్ళు, 1856లో బడిగా పుట్టి తరువాత కళ్ళికోట రాజా పేరు పెట్టుకున్న కళాశాల, శతాబ్దం చివర రైలు వరసగా వచ్చి చేరాయి. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం 25,729. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా దండునూ, కళాశాలనూ, చక్కెర ఎగుమతినీ పేర్కొని, పట్టునేత కొంత జరుగుతుందని ఒక్క ముక్కతో సరిపెట్టింది. ఊరికి అమ్మవారినిచ్చిన వృత్తికి ఆ పుస్తకంలో దక్కిన చోటు అంతే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలింది: బరంపురంతో సహా ఉత్తర భాగం ఒడిశాలో చేరగా, శ్రీకాకుళం వైపు తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోనే, విశాఖపట్నం జిల్లాలో ఉండిపోయి 1950లో శ్రీకాకుళం జిల్లాగా విడివడ్డాయి. అంతకు ముందు మూడు దశాబ్దాలు ఊరు ఎవరిదన్న వాదన కచేరీల్లోనూ, సభల్లోనూ, కమిటీల ముందూ సాగింది. 1894లో ఇదే ఊళ్ళో పుట్టి తరువాత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి వంటివారి తరం పెరిగింది ఆ వాదనల మధ్యనే. జనాభా లెక్కల్లో మాతృభాష గడి నింపడం వకీలుకు రాజకీయం కావచ్చు గాని, తెలుగు దేశపు వలసనూ ఒడియా దేవతనూ ఒకే ఇంట్లో కలుపుకున్న దేరా కుటుంబానికి ఆ గడి ఇరుకైనది. సరిహద్దు పడిన తరువాత కూడా జాతర ఏర్పాట్లు దేశిబెహరా ఇంటి నుంచే మొదలయ్యాయి, ఘటం అదే ఇంటి ఇల్లాలి తలమీదనే ఉంది.

మగ్గాన్ని కుదిపింది సరిహద్దు కాదు, బజారు. కర్ణాటక నుంచి వచ్చే పట్టు నూలు ధర, మరమగ్గం చీరల చవకదనం, మడిబట్ట వాడకం తగ్గడం కలిసి గుంట మగ్గాలను ఒకటొకటిగా పూడ్పించాయి. బరంపురం ఫోడా కుంభ చీరకూ జోడాకూ భౌగోళిక సూచిక, అంటే ఆ పేరును ఆ ఊరి నేతకే పరిమితం చేసే చట్టబద్ధమైన గుర్తింపు, లభించినా, పిల్లవాడిని మగ్గం మీద కూర్చోబెట్టడానికి ఆ పత్రం ఒక్కటే తండ్రిని ఒప్పించలేకపోయింది. మందసౌర్ పట్టునేతవారిలా వీరి సంతతి కూడా ఉద్యోగాల్లోకీ, దుకాణాల్లోకీ వెళ్ళింది. ఒకప్పుడు నేసేవారి కోసం గోదావరికి కబురుపెట్టిన ఈ గంజాం నుంచే ఇప్పుడు లక్షలమంది సూరత్ మరమగ్గాల మీద పనికి పోతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో వారిని తిరిగి తెచ్చిన ప్రత్యేక రైళ్ళు వచ్చి ఆగిన స్టేషన్లలో జగన్నాథపూర్ ఒకటి, అది బరంపురం శివార్లలో ఉంది. దేశిబెహరా వీధిలో మాత్రం మగ్గాలు తగ్గినకొద్దీ జాతర పెద్దదవుతూ వచ్చింది. సూరత్ నుంచి సెలవు పెట్టుకుని వచ్చేవారిలో పులివేషం కట్టేవారూ ఉంటారు.