ఒక్క వోటు

మద్యనిషేధము మదరాసు రాజధాని యంతటను 1948 నాటికి అమలులోనికి వచ్చెను. సంకల్పము మంచిదే. కాని తాడిచెట్టును నమ్ముకొన్న గీతవారి నోటికూడు పోయెను. ఖజానా రాబడి తగ్గెను. త్రాగుడు మాత్రము చాటునకు పోయి నాటుసారా యయ్యెను.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినది. పిమ్మట రామమూర్తి సంఘము నిషేధము నెత్తివేయుమనెను. ప్రకాశము పంతులుగారి ప్రభుత్వ మందుకు సమ్మతింపలేదు. నేటి శ్రీకాకుళము జిల్లా బారువలో కల్లుగీత కుటుంబమున పుట్టిన గౌతు లచ్చన్నగారు గీతవారికై సత్యాగ్రహము నడిపి, శాసనసభలో అవిశ్వాసమునకు పూనుకొనిరి. 1954 నవంబరు 6న మంత్రివర్గ మొక్క వోటుతో కూలెను.

ఇరువురును దేశముకొరకు చెరసాల కేగినవారే! ఒకరు త్రాగువాని యిల్లాలిని, ఒకరు చెట్టెక్కువానిని తలచిరని నా యూహ. నిషేధము 1995లో మరల వచ్చెను. 1997లో మరల సడలెను.