గోచీ చీర, కుచ్చిళ్ళ చీర

ఈమధ్య నిజామాబాదులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు చీరల మీద నడుముకి బెల్టులు బిగించుకుని తిరుగుతున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ వాళ్ళని చూసి, "చీరకట్టు సంప్రదాయం మొత్తం పోయిందమ్మా" అని నిట్టూర్చింది. ఆవిడ మాత్రం నిక్షేపంగా ముందు కుచ్చిళ్ళు పోసుకుని, ఎడమ భుజం మీద పైటకి పిన్నీసు పెట్టుకుంది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఆవిడది బోధను పక్క పల్లె. కోడలిగా ఆ కుచ్చిళ్ళతో గడపలో అడుగు పెట్టిన రోజున ఆవిడ అత్తగారు సరిగ్గా ఇదే మాట అని ఉంటుంది!

ఎందుకంటే మా వైపు అసలు కట్టు గోచీ. ఎనిమిది తొమ్మిది గజాల చీర నడుముకి చుట్టి ముడేసి, ముందు పోసిన కుచ్చిళ్ళ కొసని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, వీపు కింద దోపుతారు. లంగాతో పని లేదు. అటు నాందేడు జిల్లాలో మరాఠీ ఆడవాళ్ళ తొమ్మిది గజాల 'నౌవారి' కూడా దీనికి అక్కచెల్లెలే. 1956 దాకా మనమూ వాళ్ళూ ఒక్క హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవాళ్ళం. వియ్యాలు కూడా అటూ ఇటూ సాగేవి. గోచీ పెడితే పొలంలో వంగొచ్చు, బురదలో దిగొచ్చు, చెరుకు మోపు నెత్తినెత్తుకుని గట్టు దాటొచ్చు. పనిచేసే ఒంటికి కుట్టినట్టు సరిపోయిన బట్ట అది.

అలాగని అందరి గోచీ ఒకటి కాదు సుమండీ. దూరం నుంచి వస్తున్న మనిషి ఎవరో, ముఖం కనిపించకముందే కట్టుని బట్టి చెప్పేసేవారు. ఒకరిది పిక్కల పైకి ఎగదోసిన కట్టు, ఒకరిది చీలమండల దాకా దించిన కట్టు. ఒకరు వెనక దోపిన కొసని విసనకర్రలా విచ్చి వదిలేవారు, ఇంకొకరు చుట్టి ముడిలా బిగించేవారు. మా నాయనమ్మ పైట కొంగుని ఒక్క చుట్టు తిప్పి బొడ్లో దోపేది. అందులో ఆకువక్కల సంచి. ఆ సంచి దాచడానికే ఆ చుట్టు కనిపెట్టిందని మా తాత వేళాకోళం చేసేవాడు. ఊరి కట్టు ఊరిదే, దానిలో ఎవరి చెయ్యి వారిది.

మరి కుచ్చిళ్ళు ఎప్పుడొచ్చాయంటారా? నీళ్ళతో పాటు వచ్చాయి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు పారేసరికి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళకి ఇప్పటికీ 'క్యాంపు' అనే పేరు. 1937లో బోధను పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ పెట్టారు, శక్కర్‌నగర్ కాలనీ వెలిసింది. ఎక్కడెక్కడి ఉద్యోగస్తులో వచ్చారు. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళవి కుచ్చిళ్ళు, లోపల లంగా, చేతుల జాకెట్టు. చెరుకు నరికేవాళ్ళు గోచీల్లో, కాలనీలో వాళ్ళు కుచ్చిళ్ళల్లో. ఇంకేముంది, కుచ్చిళ్ళు చదువుకీ, నౌకరీకీ, నీడపట్టున ఉండడానికీ గుర్తయి కూర్చున్నాయి. మా అమ్మ తరానికి గోచీ అంటే పెంకుటిల్లు, కుచ్చిళ్ళంటే డాబా.

అసలు దేశమంతా ఇవాళ 'మన చీర' అనుకునే కట్టు వెనక కూడా ఇలాంటి కథే ఉంది. 1860ల్లో భర్త సత్యేంద్రనాథ్ టాగూరు ఉద్యోగం కోసం బొంబాయి వెళ్ళిన జ్ఞానదానందినీ దేవి, అక్కడి పార్శీ స్త్రీలని చూసి చీరని కొత్తగా కట్టుకుంది. కలకత్తా తిరిగొస్తే మొదట్లో అందరూ వింతగా చూశారు, తర్వాత అందరూ అదే కట్టారు. మన హైదరాబాదులోనే చూడండి. 1931లో నిజాం కోడళ్ళయిన దుర్రెషెవార్, నిలోఫర్ టర్కీ రాజకుటుంబం ఆడపడుచులు. వాళ్ళు చీర కట్టిన తీరుని జనం కళ్ళప్పగించి చూశారు.

మగవాళ్ళకీ ఈ బాధ తప్పలేదు. స్కాట్లండులో కిల్టు అని గళ్ళ గుడ్డ చుట్టుకుంటారు కదా, ఒకప్పుడు అది కొండ జనం కప్పుకునే పెద్ద దుప్పటి. బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి దాన్ని నిషేధించింది, 1782లో గానీ ఆ చట్టం ఎత్తెయ్యలేదు. 1822లో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ పూనుకుని పెద్దపెద్ద దొరలందరి చేతా అదే కట్టించాడు. ఫలానా వంశానికి ఫలానా గళ్ళు అనే పట్టింపులు చాలామటుకు ఆ తర్వాత బిగుసుకున్నవే. ఇప్పుడు దాని మీదికి ఏ మేజోళ్ళు తొడగాలా అని తగువులాడుకుంటారట. మన పెద్దావిడ అక్కడా ఉందన్నమాట!

నవ్వడం తేలికే గానీ, నా సంగతి కూడా చెప్పాలి. నిజామాబాదులో ఇంటరు చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో నాకు వ్యాసరచన బహుమతి వచ్చింది. నాయనమ్మ తయారైంది. ఇంట్లో ఉతికి మడత పెట్టిన ఎర్రంచు గోచీ చీర, కొంగున ఆకువక్కలు. నేను నసుగుతూ, "నాయనమ్మా, అమ్మ చీర కట్టుకోరాదూ, కుచ్చిళ్ళతో" అన్నాను. అక్కడంతా ఆఫీసర్ల పిల్లలు వస్తారు మరి. ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. "నువ్వు పోయి రా బిడ్డా, నాకు మోకాళ్ళు నొస్తున్నయ్" అంది. మర్నాడు పొద్దున్నే ఆ మోకాళ్ళతోనే చేనుకి వెళ్ళింది. ఆ తర్వాత నేను ఏ పండక్కి పిలిచినా పట్నం రాలేదు. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఫ్యాక్టరీ కూడా 2015 డిసెంబరులో మూతపడింది. ఆ దారిలో బారులు తీరే చెరుకు బండ్లు ఇప్పుడు లేవు.

మొన్న సంక్రాంతికి మా మేనత్తని పట్టుకున్నాను, గోచీ పెట్టడం నేర్పమని. "నవ్వుతరే నిన్ను" అంటూనే లేచింది. నా చీర ఆరు గజాలు కూడా లేదు. వెనక్కి దోపుదామంటే కొంగు లేదు, కొంగు వేద్దామంటే గోచీ లేదు. నిజామాబాదు దుకాణంలో తొమ్మిది గజాలడిగితే ఆ కుర్రాడు, "అంత పొడుగెందుకు మేడం?" అన్నాడు. చివరికి నాందేడులో దొరికింది.

"నాయనమ్మ కట్టినట్టే కట్టు అత్తమ్మా" అన్నాను.

"మా అమ్మ లెక్క నాకెన్నడు రాలే. నా లెక్క నేను కడ్త, చూడు" అంది అత్తమ్మ, నా నడుము చుట్టూ చీర బిగిస్తూ. మూడోసారికి నిలబడింది. నేను అద్దం ముందుకి వెళ్ళకుండా ముందు కొంగు ఒక చుట్టు తిప్పి బొడ్లో దోపుకున్నాను. ఆకువక్కల సంచి లేదు కదా, సెల్‌ఫోను పెట్టుకున్నాను.