ముడుతల రేకు - కారు పందిరి

నేడు అమెరికాలో కారు నిలుపుటకు లోహపు పందిరి విడిభాగములుగా అమ్మబడుచున్నది. కొన్నవారే మరచీలలు బిగించి దానిని నిలబెట్టుకొందురు. ఇది ఎట్లు సాధ్యమైనది?

రెండు పుస్తకముల నడుమ ఒక కాగితమును వంతెనవలె ఉంచుడు, అది క్రుంగును. దానినే ముడుతలుగా మడిచి ఉంచినచో పెన్సిలును మోయును. బలము ఆకారమున కలదన్నమాట. ఈ సూత్రముపై 1829లో లండన్ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ ముడుతల లోహపు రేకులకు పేటెంటు పొందెను. 1837లో ఫ్రాన్సు దేశీయుడగు సొరెల్ ఇనుమునకు జింకు పూత పద్ధతిని పేటెంటు చేయగా తుప్పు బాధ తగ్గెను.

1916లో, మొదటి ప్రపంచయుద్ధ కాలమున, బ్రిటిషు సైనిక ఇంజనీరు పీటర్ నిస్సెన్ అట్టి రేకులతో, నిలువున చీల్చి బోర్లించిన పీపావంటి వసతిగృహమును రూపొందించెను. దాని భాగములన్నియు ఒక సైనిక బండిలో పట్టును. ఆరుగురు నాలుగు గంటలలో కూర్చగలరు. కొలతలు, రంధ్రములు కర్మాగారముననే సిద్ధమగుటచే వడ్రంగి నైపుణ్యముతో పని తగ్గెను. నేటి కారు పందిరి ఆ మార్గమున వచ్చినదే.

అయితే తేలికదనమే దాని బలహీనత. గాలివానలో పందిరి పైకి లేచిపోవచ్చును. కాళ్ళను నేలకు దృఢముగా బంధించు పనిని ఏ కర్మాగారమును పెట్టెలో పెట్టి పంపజాలదు. అది కూర్చువారి బాధ్యత.