సముద్ర శాస్త్రాలను ఒక్కటి చేసిన గ్రంథం ‘ది ఓషన్స్’

‘ది ఓషన్స్’ 1942లో అమెరికాలో వెలువడిన సముద్ర విజ్ఞాన గ్రంథం. వెయ్యికి పైగా పుటలున్న ఈ రచనను ఆధునిక సముద్ర శాస్త్రానికి పునాదిగా పరిగణిస్తారు. దీని రచయితలు ముగ్గురూ కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందినవారే. హెరాల్డ్ స్వెర్‌డ్రుప్ నార్వే దేశస్థుడు, నాటి సంస్థ సంచాలకుడు. మార్టిన్ జాన్సన్ జీవశాస్త్రవేత్త కాగా, రిచర్డ్ ఫ్లెమింగ్ సముద్ర రసాయన శాస్త్రంలో నిపుణుడు.

అంతకుముందు ప్రవాహాలను భౌతిక శాస్త్రజ్ఞులు, లవణాలను రసాయన శాస్త్రజ్ఞులు, జీవరాశిని జీవశాస్త్రజ్ఞులు చాలావరకు విడివిడిగా పరిశీలించేవారు. ఈ గ్రంథం ఆ మూడింటినీ ఒకే శాస్త్రంగా సమన్వయించింది. ఉదాహరణకు, తీరం వెంబడి వీచే గాలి ఉపరితల జలాన్ని తీరానికి దూరంగా నెట్టినప్పుడు, లోతునుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. దానితోపాటు వచ్చే పోషక లవణాల వల్ల వృక్ష ప్లవకాలు వృద్ధి చెందుతాయి. వాటి ఆధారంగా మత్స్య సంపద పెరుగుతుంది. గాలితో మొదలైన మార్పు చివరకు జాలరి వలకు చేరుతుంది.

గ్రంథం వెలువడేనాటికి రెండవ ప్రపంచ యుద్ధం సాగుతోంది. శత్రువులకు ఉపకరిస్తుందన్న భావనతో అమెరికా వెలుపల దీని పంపిణీపై ఆంక్షలు విధించారు. ఆ కాలంలోనే స్వెర్‌డ్రుప్, ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ రూపొందించిన అలల అంచనా పద్ధతి 1944 నాటి నార్మండీ దాడికి తోడ్పడింది.

ఈ శాస్త్ర సంప్రదాయం తెలుగు తీరానికీ చేరింది. స్క్రిప్స్‌లో పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, సముద్ర శాస్త్ర అధ్యయనానికి బాటలు వేశారు. విశాఖ తీరంలో లోతు జలాలు పైకి ఉబికే తీరును పరిశీలించారు.

సముద్రగర్భ ఫలకాల కదలికలపై 1960లలో స్థిరపడిన సిద్ధాంతం, ఆ తరువాతి ఉపగ్రహ పరిశీలనలు ఈ గ్రంథంలోని పలు అంశాలను పాతబరిచాయి. అయినా దాని దృక్పథం నిలిచే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్రోపరితల ఉష్ణోగ్రతను, ప్లవకాలలోని పత్రహరితాన్ని ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు లభించగల ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తోంది. ఎత్తైన అలలపై ముందస్తు హెచ్చరికలు కూడా జారీ చేస్తోంది. సముద్ర ప్రవాహాల పరిమాణాన్ని కొలిచే ప్రమాణానికి ‘స్వెర్‌డ్రుప్’ అనే పేరే స్థిరపడింది. సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్ల నీటి ప్రవాహం ఒక స్వెర్‌డ్రుప్‌కు సమానం.